‘వెళ్ళిరా’ అనే ముందు

మొన్న ఒక రోజు అసర్ నమాజు తర్వాత మా మస్జిదు వరండాలో ఒక పెద్దాయన మిఠాయి పొట్లం విప్పి అందరికీ పంచారు. చిన్న కుమారుడికి కెనడా వీసా వచ్చిందట. పెద్దవాడు పదేళ్ళుగా కువైట్‌లో ఉన్నాడు. అందరూ ముబారక్ చెప్పారు. ఒక కుర్రవాడు మాత్రం నోరు ఊరుకోక అడిగాడు: "ఇక ఇంట్లో మీరూ చాచీయే కదా చాచా, ఎట్లా మరి?"

"మాకేం బేటా! మేమెన్నాళ్ళుంటాం? పిల్లలు బాగుపడితే అంతే చాలు" అన్నారాయన.

మాషా అల్లాహ్ అన్నాం అందరం. నేనూ అన్నాను. కాని ఇంటికి నడిచి వస్తుంటే ఆ ‘మాకేం’ అన్న మాట నా వెంటే వచ్చింది. వినడానికి అది త్యాగంలా ఉంది. బహుశా త్యాగమే కూడాను. అయితే ఈ విషయంలో తల్లిదండ్రుల వాటా తల్లిదండ్రులదేనా, వారు వద్దనుకుంటే లెక్క అంతటితో తీరిపోతుందా అన్నది వేరే ప్రశ్న.

మన ఇళ్ళకు పరదేశం కొత్త కాదు. 1973 తర్వాత చమురు ధరలు పెరిగి గల్ఫ్ దేశాల్లో పనులు మొదలయ్యాక హైదరాబాదు పాతబస్తీ నుంచి, కరీంనగర్, నిజామాబాద్ జిల్లాల నుంచి, ఇటు కడప, రాయచోటి ప్రాంతాల నుంచి ఎందరో వెళ్ళారు. మేస్త్రీలు, డ్రైవర్లు, వంటవాళ్ళు, ఇళ్ళలో పనిచేసే స్త్రీలు కూడా. ఆ తరం వెళ్ళింది తిరిగి రావడానికే. ఎన్నేళ్ళున్నా అక్కడ పౌరసత్వం దొరకదని వారికి తెలుసు. చెల్లి పెళ్ళి, ఇంటి స్లాబు, తండ్రి అప్పు, ఇలా లెక్క ముందే ఉండేది. లెక్క తీరగానే పెట్టె సర్దుకుని వచ్చేవారు.

ఇప్పుడు మనం పిల్లలకు చెబుతున్నది అది కాదు. ‘అక్కడే స్థిరపడు’ అంటున్నాం. తెలుగులో ఎవరినీ ‘వెళ్ళు’ అనం, ‘వెళ్ళిరా’ అంటాం. శుభం కాదని ‘పోతాను’ అనే మాటను కూడా ‘వెళ్ళొస్తాను’గా మార్చుకున్నాం. ఇప్పుడు ఆ ‘రా’ ఒక్కటే నోటితో అంటున్నాం, మనసులో మాత్రం రావద్దనే కోరుకుంటున్నాం. తండ్రి సంపాదనకు దూరం వెళ్ళడం ఒక సంగతి. తండ్రే తన బిడ్డను, ఆ బిడ్డకు పుట్టబోయే బిడ్డలను వేరే నేలకు అప్పగించడం మరో సంగతి. రెండింటినీ ఒకే తూకంతో తూచలేం.

ప్రయాణాన్ని మన ధర్మం ఎన్నడూ తప్పు పట్టలేదు. భూమిని మీకు అణకువగా చేశాము, దాని దారులలో నడవండి, అల్లాహ్ ప్రసాదించే ఉపాధిని తినండి అన్న భావం సూరె ముల్క్‌లో ఉంది. జుమా నమాజు ముగిశాక భూమిపై వ్యాపించి అల్లాహ్ అనుగ్రహాన్ని అన్వేషించమని సూరె జుముఅ బోధిస్తుంది. ఖురైషుల శీతాకాలపు, వేసవికాలపు ప్రయాణాల గురించి ఒక సూరాయే ఉంది. అవి వెళ్ళి తిరిగివచ్చే ప్రయాణాలని వేరే చెప్పనక్కరలేదు. పిల్లల భవిష్యత్తు గురించి చింతించడం దునియాదారీ అని కొట్టిపారేసేవారు కూడా ఒక హదీసును గుర్తుచేసుకోవాలి. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) జబ్బుపడి తన ఆస్తిని దానం చేసేయాలనుకున్నప్పుడు దైవప్రవక్త (సల్లం) మూడోవంతుకు మించి అనుమతించలేదు. వారసులను ఇతరుల ముందు చేయిచాచే స్థితిలో వదలడం కన్నా కలిగినవారిగా వదలడమే మేలని ఆయన బోధించారు. కాబట్టి బిడ్డ బాగుండాలన్న తపన తప్పు కాదు. అది కూడా పుణ్యమే కాగలదు.

కానీ హిజ్రత్ హదీసును కూడా చదివినవాళ్ళమే మనం. కర్మలు సంకల్పాలను బట్టి ఉంటాయి. అల్లాహ్ కోసం, ఆయన ప్రవక్త కోసం వలస వెళ్ళినవాడి వలస అలాగే లెక్కలోకి వస్తుంది. ప్రపంచం కోసమో, ఒక స్త్రీని వివాహమాడడం కోసమో వెళ్ళినవాడి వలస అందుకే అవుతుంది. ఇద్దరూ నడిచింది అదే ఎడారి, తాగింది అవే నీళ్ళు. ఈ హదీసును మనం వెళ్ళేవాడి వైపు నుంచే చదువుతాం. పంపేవాడికి కూడా ఒక నియ్యత్ ఉంటుంది కదా! బిడ్డను పంపే తండ్రి నియ్యత్ ఏమిటి? వాడి ఉపాధా? పెళ్ళి సంబంధాలలో ‘అబ్బాయి అమెరికాలో’ అని చెప్పుకోవడమా? తోడల్లుడి కొడుకు వెళ్ళాడు కాబట్టి మనవాడూ వెళ్ళాలన్న పంతమా? బయటివారు ఎవరూ చూడలేని చోటు ఇది. అందుకే అక్కడ మనల్ని మనమే నిలదీసుకోవాలి.

బిడ్డను దూరదేశంలో నిలిపిన తండ్రి అనగానే ముందుగా గుర్తొచ్చేది హజ్రత్ ఇబ్రాహీం (అలైహి). పచ్చిగడ్డి మొలవని లోయలో, పాలుతాగే బిడ్డతో సహా హజ్రత్ హాజిరా (అలైహి)ను వదలి ఆయన వెనుదిరిగారు. ఆమె వెంటపడి అడిగారు. ఆయన పలకలేదు. చివరికి ఆమె అడిగిన ప్రశ్న ఒక్కటే: ఇది అల్లాహ్ మీకు ఇచ్చిన ఆజ్ఞేనా అని. అవునన్నారు. అయితే ఆయన మమ్మల్ని వృథా కానివ్వడు అని ఆమె వెనక్కి వెళ్ళిపోయారు. ఇబ్నె అబ్బాస్ (రజి) ఉల్లేఖించిన ఈ వృత్తాంతం బుఖారీలో వివరంగా ఉంది. హాజిరా వేసిన ప్రశ్నను మన ఇంటి ఆడవాళ్ళు వేస్తే మనలో ఎంతమందిమి ‘అవును’ అనగలం? ‘పక్కింటివాళ్ళు వెళ్ళారు’ అన్నది ఆ ప్రశ్నకు జవాబు కాదు.

కాస్త ముందుకు వెళ్ళాక ఆయన చేసిన దుఆ సూరె ఇబ్రాహీంలో ఉంది. ఆ దుఆలోని వరుసను గమనించండి. నా సంతానాన్ని పంట పండని లోయలో నీ గృహం దగ్గర నిలిపాను ప్రభూ అని మొదలుపెట్టి, ముందు కోరింది నమాజు స్థాపించాలని. తర్వాత జనుల హృదయాలు వారివైపు మొగ్గాలని. ఆ తర్వాతే ఫలాల ఉపాధి. బిడ్డ తిండి అడగలేదా? అడిగారు. కాని దాన్ని మూడోచోట ఉంచారు. మనం విమానాశ్రయానికి వెళ్ళే ముందు రెండు రకఅతుల నఫిల్ చదివి చేసే దుఆలో ఈ మూడూ ఏ వరుసలో ఉంటున్నాయి? జీతం ఎంత, వారానికి ఎన్ని గంటలు, పి.ఆర్. ఎన్నేళ్ళకు వస్తుంది, ఇవన్నీ వెళ్ళేలోపే మనకు కంఠతా వచ్చేస్తాయి. వాడుండే వీధికి మస్జిదు ఎంత దూరమో, జుమాకు సెలవిస్తారో లేదో, ఒంటరిగా ఉన్న కుర్రవాడిని పలకరించేవాళ్ళు ఎవరున్నారో అడిగి తెలుసుకున్న తండ్రి నాకు ఇంతవరకు ఒక్కరు కనిపించారు. ఆ రెండో దుఆ, జనుల హృదయాలు మొగ్గడం, చిన్నది కాదు. మనిషికి తిండి ఎంత అవసరమో, తనను కోరుకునే మనుషులు కూడా అంతే అవసరమని ఆ తండ్రికి తెలుసు.

అదే హదీసులో ఇంకో సంగతి ఉంది. బిడ్డను వదిలి ఆయన మరచిపోలేదు. కుమారుడు పెరిగి పెద్దవాడై సంసారం పెట్టుకున్నాక చూడడానికి వెళ్ళారు. వేటకు వెళ్ళిన కుమారుడు మొదటిసారి కనబడలేదు, రెండోసారీ కనబడలేదు. కోడళ్ళను అడిగింది ఇంటి బాగోగులే. ఒకావిడ లేమిని గురించి ఫిర్యాదు చేసింది, మరొకావిడ కృతజ్ఞత చెప్పింది. ఆ రెండింటినీ బట్టే ఆయన కుమారుడికి కబురు విడిచారు. మూడోసారి వెళ్ళేసరికి హజ్రత్ ఇస్మాయీల్ (అలైహి) జమ్‌జమ్ దగ్గర చెట్టుకింద బాణాలు చెక్కుకుంటూ కనిపించారు. తండ్రి, కొడుకు ఒకరినొకరు ఎలా కలుసుకోవాలో అలాగే కలుసుకున్నారు. అప్పుడే కాబా గోడలు లేచాయి.

ఇక ‘మాకేం’ దగ్గరికి వద్దాం.

సూరె బనీ ఇస్రాయీల్‌లో తల్లిదండ్రుల పట్ల ఉత్తమంగా మెలగమని చెప్పే చోట, వారిలో ఒకరుగాని ఇద్దరుగాని నీ వద్ద వృద్ధాప్యానికి చేరితే వారిని ‘ఛీ’ అని కూడా అనవద్దని ఉంది. అందులో ‘ఇందక’, అంటే నీ వద్ద, నీ సంరక్షణలో అన్న పదం వచ్చింది. ముసలితనం ఎక్కడో కాదు, బిడ్డ దగ్గర గడుస్తుందన్నది అక్కడ మామూలు విషయంగా అనుకోబడింది. నిజానికి ఆ ‘ఛీ’ అన్న మాట దగ్గర ఉన్నవాడి నోటికే వస్తుంది. రాత్రిపూట మూడుసార్లు లేపే తండ్రి మీద, చెప్పిందే చెప్పే తల్లి మీద విసుగు వచ్చేది ఆ గదిలో ఉన్నవాడికే. వారానికోసారి వీడియోకాల్‌లో కనిపించే కొడుకుకు విసుగేమిటి, ఓర్పేమిటి? పరీక్ష హాలులోకే రానివాడు ఒక్క తప్పూ చేయడు. అలాగని ఉత్తీర్ణుడూ కాడు.

తల్లిదండ్రులలో ఒకరినో, ఇద్దరినో వృద్ధాప్యంలో పొంది కూడా స్వర్గం సంపాదించుకోనివాడు నాశనమైనట్లేనని దైవప్రవక్త (సల్లం) హెచ్చరించిన హదీసు ముస్లింలో ఉంది. తల్లిదండ్రులు స్వర్గపు మధ్యద్వారమని, దాన్ని కాపాడుకోవడమైనా, పోగొట్టుకోవడమైనా నీ చేతిలోనిదేనని తిర్మిజీలో ఉంది. నా సందేహమల్లా ఇదే: ఆ ద్వారం పేరు మనదే, కాని దాన్నుంచి లోపలికి వెళ్ళవలసినది బిడ్డ. ‘మాకేం, మా సంగతి వదిలేయ్’ అని మనం అన్నప్పుడు వదులుకుంటున్నది మన హక్కు మాత్రమేనా, లేక వాడి ద్వారాన్ని కూడానా? నాకు రావలసిన అప్పు నేను మాఫీ చేయగలను. వాడికి రావలసిన పుణ్యాన్ని మాఫీ చేయడానికి నేనెవరిని?

దీనికి ఎదురు వాదన ఉంది, అది బలమైనదే. తల్లిదండ్రుల ఇష్టంతో వెళ్ళినవాడు వారి మాట విన్నవాడే కదా! ఒక వ్యక్తి తల్లిదండ్రులను ఏడుస్తుండగా వదిలి హిజ్రత్ బైఅత్ కోసం వచ్చినప్పుడు, తిరిగి వెళ్ళి వారిని ఎలా ఏడిపించావో అలాగే నవ్వించమని దైవప్రవక్త (సల్లం) పంపివేశారు. మరి ఇక్కడ తల్లిదండ్రులే నవ్వుతూ పంపుతుంటే? నిజమే, అనుమతి ఉన్నచోట తప్పు లేదు. డబ్బు పంపడం సేవ కాదనీ అనలేం. తల్లి గుండె ఆపరేషనుకు పైకం పంపిన కొడుకు, ఇంట్లో ఉండీ పైసా పుట్టించలేని కొడుకు, ఇద్దరూ ఆమెకు కావలసినవారే. కాని ఆ నవ్వును కాస్త పరికించి చూడాలి. విమానాశ్రయంలో నవ్వి, ఇంటికొచ్చాక వంటింటి తలుపు వేసుకుని ఏడ్చే తల్లులు మనకు తెలియనివారు కారు. హజ్రత్ యాఖూబ్ (అలైహి) అంతటి సహనశీలికే కుమారుడి ఎడబాటుతో కళ్ళు తెల్లబడ్డాయి. దుఃఖాన్ని దాచడం సహనమే. కాని ‘మాకేమీ బాధలేదు’ అని బిడ్డను నమ్మించడం వేరు. ఆ మాట నమ్మినవాడు నిజంగానే నిశ్చింతగా ఉండిపోతాడు. పదేళ్ళ తర్వాత ‘వాడికి మామీద ధ్యాసే లేదు’ అని మనమే అంటాం.

ఇక్కడే ఇంకొక అన్యాయం కూడా జరుగుతోంది. నలుగురు పిల్లలలో ముగ్గురు వెళ్ళి ఒకడు ఉండిపోతే, గోడ మీద ఫోటోలు ఆ ముగ్గురివి. ఆ ఒకడు సైకిలు షాపువాడో, మెడికల్ షాపులో గుమాస్తానో. వాడి గురించి అడిగితే ‘వాడింతే, ఇక్కడే ఉండిపోయాడు’ అని గొంతు తగ్గిస్తాం. మందులు తెచ్చేది వాడే, ఆస్పత్రిలో పక్కన కూర్చునేది వాడే. యెమెన్‌కు చెందిన ఉవైస్ ఖర్నీ (రహ్మ)ను గురించి దైవప్రవక్త (సల్లం) తన సహచరులకు ముందే తెలిపారు. ఆయన తన తల్లిని సేవించినవారని, ఆయనను కలిస్తే తమ మన్నింపు కోసం దుఆ చేయమని అడగవలసిందని చెప్పారు. హజ్రత్ ఉమర్ (రజి) వెతికి వెతికి అడిగారు కూడా. తల్లి సేవలో ఉండిపోవడం వల్లనే ఆయన మదీనాకు వచ్చి దైవప్రవక్త (సల్లం)ను చూడలేకపోయారని పండితులు చెబుతారు. అంతటివారి చేత దుఆ అడిగించుకున్నది ఇంటి దగ్గర ఉండిపోయిన మనిషి! (సేవ భారమంతా కోడలి నెత్తిన వేసి, దాన్ని కొడుకు పుణ్యంగా లెక్కవేయడం గురించి మరొకసారి రాయాలి. అది కొడుకు బాధ్యత. ఆమె చేస్తున్నది ఉపకారం.)

డబ్బు సంగతి ఒక్కటి చెప్పి దాటిపోతాను. పిల్లవాడి చదువుకోసం వడ్డీకి అప్పు తెచ్చి, ఇల్లు తనఖా పెట్టి పంపేవారు పెరిగారు. వడ్డీని వదలనివారికి అల్లాహ్ తరఫున, ఆయన ప్రవక్త తరఫున యుద్ధ ప్రకటన ఉందని సూరె బఖరా హెచ్చరిస్తుంటే, ఆ ప్రయాణానికి బిస్మిల్లా ఎలా చెబుతాం? తెలంగాణలో మైనారిటీ విద్యార్థుల విదేశీ చదువులకు 2015లో ప్రభుత్వం స్కాలర్‌షిప్ పథకం ప్రారంభించింది. అటువంటివి విచారించకుండా, ఆలిములను సంప్రదించకుండా, తోటివారిని చూసి బ్యాంకుకు పరుగెత్తడం తొందరపాటే.

పైగా దేనికోసం ఈ పరుగు? ‘స్థిరపడడం’ కోసం. 1990 ఆగస్టు 2న ఇరాక్ సైన్యం కువైట్‌లో ప్రవేశించినప్పుడు స్థిరపడ్డామనుకున్న కుటుంబాలే కట్టుబట్టలతో తిరిగివచ్చాయి. లక్షన్నరకు పైగా భారతీయులను విమానాలలో చేరవేయవలసి వచ్చింది. అమెరికాలో గ్రీన్‌కార్డుల సంఖ్యకు ఒక్కో దేశానికి 7 శాతం పరిమితి ఉండడం వల్ల మనవాళ్ళు ఏళ్ళ తరబడి ఎదురుచూస్తున్నారు. 2025 సెప్టెంబరులో కొత్త హెచ్-1బి దరఖాస్తులకు లక్ష డాలర్ల రుసుము ప్రకటించారు. ఒక్క రాత్రిలో ఎందరి లెక్కలో తారుమారయ్యాయి. ఇక్కడి ఉపాధీ అలాంటిదే అంటారా? అవును, అలాంటిదే. అందుకే ఆ ఒక్క కారణంతో పంపకండి అంటున్నాను.

ఇదంతా చదివి పిల్లలను కొంగుకు కట్టుకోమంటున్నానని అనుకోవద్దు. ఆ తప్పు కూడా తక్కువది కాదు. బిడ్డ అమానతు. ముసలితనానికి దాచుకున్న సొమ్ము కాదు. నిజంగా వెళ్ళవలసిన అవసరం ఉన్నవాడిని, చదువుమీద తపన ఉన్నవాడిని, ‘నేను చచ్చాక వెళ్ళు’ అని కట్టిపడేసే తండ్రి తన భయాన్ని ధర్మంగా చెప్పుకుంటున్నాడు. హజ్రత్ జాఫర్ బిన్ అబీ తాలిబ్ (రజి), ఆయన భార్య అస్మా (రజి) విశ్వాసం కాపాడుకోవడానికి అబిసీనియాకు వలస వెళ్ళి హిజ్రీ 7లో ఖైబర్ నాటికి గాని తిరిగి రాలేదు. దాదాపు పదమూడేళ్ళు. వారి పిల్లలు అక్కడే పుట్టారు, అక్కడే మాటలు నేర్చారు. అయినా వచ్చీరాగానే మదీనా సమాజంలో కలిసిపోయారు. దైవప్రవక్త (సల్లం)కు ఖైబర్ విజయం ఎక్కువ సంతోషమో, జాఫర్ రాక ఎక్కువ సంతోషమో తెలియలేదట. పరాయి గడ్డ పిల్లల్ని చెడగొడుతుందన్న మాట అన్ని వేళలా నిజం కాదు. ఆ ఇంట్లో ఏముంది అన్నదే చూడాలి.

అలాగే హజ్రత్ యూసుఫ్ (అలైహి) ఈజిప్టులో నిలదొక్కుకున్నాక తల్లిదండ్రులను అక్కడికే రప్పించుకుని సింహాసనంపై కూర్చోబెట్టుకున్నారు. ఈ దారి కూడా ఉంది. మన పెద్దలే రారు. ఊరి మస్జిదు, పక్కవీధి దోస్తులు, ఖబరస్తానులో తల్లి సమాధి, ఇవి వదిలి రాలేమంటారు. వారికి రాలేని ఊరిని బిడ్డకు మాత్రం స్వర్గంలా వర్ణిస్తారు, అదొక వింత.

ఇంతకూ ఈ మాటలు ఇతరులకు చెప్పే అర్హత నాకుందా? ఉంటే ఒక్క కారణానికే ఉంది. ఈ తప్పు నేను చేశాను.

నా పెద్దవాడు ఇక్కడ ఒక స్కూల్లో టీచరుగా పనిచేసేవాడు. జీతం తక్కువే. సాయంత్రాలు మస్జిదులో పిల్లలకు ఖాయిదా చెప్పేవాడు. 2016లో దమ్మామ్ నుంచి ఒక అవకాశం వచ్చింది. ‘ఇక్కడే ఉంటాను అబ్బా’ అన్నాడు. నేను ఊరుకోలేదు. నీ ఈడువాళ్ళంతా ఏమేం కట్టారో చూడమన్నాను. రెండు రోజులు వాడితో మాట్లాడలేదు. వెళ్ళాడు. భార్యను, ఇద్దరు పిల్లలను తీసుకెళ్ళాడు. 2017 జులైలో అక్కడ కుటుంబసభ్యుడికి నెలకు వంద రియాళ్ళ రుసుము మొదలైంది. ఏటేటా వంద చొప్పున పెరిగి 2020కి నాలుగు వందలయింది. ముగ్గురికి ఎంతో లెక్క వేసుకుని 2018లోనే వాళ్ళను తిరిగి పంపేశాడు. అప్పటినుంచి కోడలు, పిల్లలు మా దగ్గర, వాడక్కడ. హజ్రత్ ఉమర్ (రజి) భర్త ఎడబాటులో ఒక స్త్రీ వేదనను రాత్రివేళ విని, సైనికులను ఇన్ని నెలలకు మించి ఇంటికి దూరంగా ఉంచరాదని నియమం పెట్టారని చదివినప్పుడల్లా నేను నా కోడలి ముఖం చూడలేకపోతాను. కొన్ని ఉల్లేఖనాలలో అది నాలుగు నెలలు, కొన్నింటిలో ఆరు. మా ఇంట్లో రెండేళ్ళకోసారి నలభై రోజులు.

2020 మేలో మా బావగారు చనిపోయారు. కొడుకులిద్దరూ జిద్దాలో ఉన్నారు. విమానాలు లేవు. ఉన్నా జనాజాను ఆలస్యం చేయవద్దన్నది మన పద్ధతి, అందేవారు కారు. మట్టి వేసేటప్పుడు ఎవరో ఫోను పట్టుకున్నారు. మూడు గుప్పెళ్ళ మట్టి ఆ కొడుకుల తరఫున మా పెద్దవాడి కొడుకు, పదేళ్ళవాడు, వేశాడు. ఆ రాత్రి వాడు నన్ను అడిగాడు: "దాదా, మీకు ఎవరు వేస్తారు?" చిన్నపిల్లలు అలాగే అడుగుతారు. నేను ‘పడుకో’ అన్నాను.

మా వాడు ప్రతి శుక్రవారం జుమా తర్వాత ఫోను చేస్తాడు. పోయిన నెల మాట్లాడుతూ మాట్లాడుతూ ఆగి, "అబ్బా, వచ్చేయనా? మీరేమంటారు?" అన్నాడు. 2016లో జవాబు చెప్పడానికి నాకు ఒక్క నిమిషం పట్టలేదు. ఈసారి నోరు పెగల్లేదు. పిల్లల ఫీజులు, వాడి వయసు, ఇక్కడ దొరికే పని, అన్నీ కళ్ళముందు తిరిగాయి. రమ్మంటే నా ముసలితనం కోసం రమ్మన్నట్లు, వద్దంటే మళ్ళీ అదే తప్పు చేసినట్లు. ఇస్తిఖారా చేసి చెబుతానన్నాను. వాడి తల్లి పక్కనే తస్బీహ్ పట్టుకుని వింటోంది. ఫోను ఆమె చేతికిచ్చాను.

ఆమె జీతం గురించి అడగలేదు. టికెట్ గురించి అడగలేదు. "నీకెట్లా అనిపిస్తోంది బేటా?" అంది. అవతల చాలాసేపు మాట లేదు. ఆ తర్వాత వాడు చెప్పడం మొదలుపెట్టాడు. మగ్రిబ్ అజాన్ దాకా చెబుతూనే ఉన్నాడు.